మెడ మీద చెయ్యి

హఫీజ్‌పేట్,
జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఈ కాలంలో ఉత్తరాలేమిటని నా రూమ్మేట్ మహేశ్ నవ్వుతాడు. హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు వారం వారం రాసేదానివని, ఆ అలవాటు ఇద్దరికీ పోలేదని వాడికేం తెలుసు. ఫోన్ చేస్తే నీ పక్కన మీ అత్తమ్మ, నా పక్కన వీడు. "తిన్నవా, మంచిగున్నవా" అనుకుని పెట్టేస్తాం. అది కూడా ఒక మాటేనా?

నడుము సంగతి అడిగావు. ఏం చెప్పను, అలాగే ఉంది. పొద్దున మంచం దిగడమే పెద్ద పని. ముందు పక్కకు దొర్లాలి, తర్వాత మోచెయ్యి ఆనించాలి, ఆ తర్వాత గోడ పట్టుకోవాలి. స్నానం చేసి, రోడ్డు దాకా నడిచి, నానక్‌రామ్‌గూడ షేర్ ఆటో ఎక్కేసరికి కొంచెం మనిషినవుతాను. ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే మళ్లీ మొదటికి వస్తుంది. విచిత్రమేమిటంటే, విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. ఎముకల డాక్టరుకు ఈ మాట చెప్తే వినిపించుకోలేదు. "కుర్చీ ఉద్యోగం కదా, బరువు తగ్గండి" అన్నాడు. పుల్లలా ఉన్న నన్ను చూసే అన్నాడంటావా?

నవ్వకు, నేను చేయించుకోని వైద్యం లేదు. టోలీచౌకిలో వీపుకు కప్పులు పెట్టించుకున్నాను. వారం రోజులు ఎర్రటి గుండ్రాలతో తిరిగాను. సూదులు పొడిపించుకున్నాను. కేరళ నూనెలో నానాను. అయస్కాంతాల పరుపు మీద పడుకున్నాను. ప్రతిదానికీ రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. మూడో రోజు పొద్దున ఒళ్లు మళ్లీ కట్టె.

ఇప్పుడు కొండాపూర్‌లో ఆస్టియోపతి అని కొత్తది మొదలుపెట్టాను. పేరు రోహిణి గారు. మందులుండవు, మెషిన్లుండవు, చేతులతోనే వైద్యం. మొన్న మొదటిసారి వెళ్లాను. బోర్లా పడుకోబెట్టి నడుము మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "ఇక్కడ ఎప్పటి నుంచి కదలడం లేదండీ?" అని అడిగింది. నొప్పి ఎప్పటి నుంచి అని అందరూ అడిగారు. కదలడం లేదని ఎవరూ అనలేదు.

ఇంకొకటి కూడా అడిగింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వెన్ను బిగుసుకుపోయిందా అని. నాకు నాన్న గుర్తొచ్చాడు. సెలవులకు ఇంటికొస్తే, పిలవగానే తల తిప్పేవాడు కాదు. ఒళ్లంతా తిప్పి చూసేవాడు. నాన్న నడుము ఎందుకు వంగిందక్కా? నీకు తెలిసే ఉంటుంది. రాయి.

నీ
ఆకాష్

జనగామ,
జూన్ 16

తమ్మీ,

నీ ఉత్తరం బడిలోనే అందింది. ఎప్పుడూ బడి చిరునామాకే రాయి. ఇంటికి వస్తే అత్తమ్మ ఎవరితోనో చదివించుకుంటుంది.

ఇరవై తొమ్మిదేళ్లకే ఇన్ని డాక్టర్ల చుట్టూ తిరగడమేమిటి? వేళకు తినవు, వేళకు పడుకోవు. పరుపు తీసేసి చాప మీద పడుకో. మెంతులు నానబెట్టి పొద్దున్నే తాగు. ఇక్కడ బడులు తెరిచారు, మా తరగతిలో ఈసారి పిల్లలు బాగానే చేరారు. మా చిన్ను ఎనిమిదో తరగతికి వచ్చింది. ఖోఖో జట్టులో తీసుకున్నారని ఇల్లంతా గెంతుతోంది.

నాన్న సంగతి. వరంగల్ మార్కెట్లో హమాలీ పని చేశాడు, చిన్నప్పటి నుంచి వడ్ల బస్తాలు మోశాడు. నడుము వంగక ఏమవుతుంది? అది మూటల నడుము. మన ఇంట్లో ఇంకెవరికీ ఏమీ లేదు. ఆమెకు అదే చెప్పు.

ఒక్క మాట. నూనె రాయించుకో, సూదులు పొడిపించుకో, ఏమన్నా చేయించుకో. మెడ మాత్రం ఎవరినీ ముట్టనివ్వకు. ఎందుకని అడగకు.

అక్క

హఫీజ్‌పేట్,
జూలై 7

అక్కా,

ఎందుకని అడగకు అంటే అడగాలనే అనిపిస్తుంది. అయినా అడగను. నీ జవాబు రోహిణి గారికి చెప్పాను. "మూటలండీ, ఇంకెవరికీ లేదు" అన్నాను. ఆమె తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. ముందుకు వంగమని టేపు పెట్టి కొలిచింది. ఛాతీ చుట్టూ టేపు పెట్టి, "గట్టిగా ఊపిరి తీసుకోండి" అంది. తీసుకున్నాను. "తీసుకోండీ" అని మళ్లీ అంది. అప్పటికే తీసుకున్నానని చెప్తే ఆమె ముఖం మారిపోయింది. టేపు చుట్టేసింది.

"నేను దీన్ని ముట్టుకోనండీ. ముందు కీళ్లవాతం డాక్టర్ని కలవండి. రక్తపరీక్ష, ఎమ్మారై రాస్తారు. ఆ తర్వాత నా దగ్గరకు రండి."

"నాలుగుసార్లు టక్కుమనిపిస్తే పోతుందేమోనని వచ్చానండీ" అన్నాను, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"టక్కుమనిపించకూడనివి కూడా ఉంటాయండీ" అంది. ఆమె నవ్వలేదు.

చీటీ రాసిచ్చింది. అది ఇంకా బ్యాగులోనే ఉంది. డాక్టరు దగ్గరకు వెళ్లలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను, నాకు భయమేస్తోంది. ఇన్నాళ్లూ ఇది ఉత్త నొప్పి. పేరు పెడితే ఇక నాదైపోతుంది. ఆఫీసులో తెలిస్తే నన్ను ఎంతకాలం ఉంచుతారు? రాత్రి పడుకున్నాక నా పక్కటెముకలు దగ్గరికి వచ్చేస్తున్నట్టు అనిపిస్తుంది. లేచి కూర్చుని ఊపిరి తీసి చూసుకుంటాను.

మధ్యలో ఎడమ కన్ను నెత్తురు ముద్దలా ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయాను. కంటి డాక్టరు చుక్కలు వేస్తే తగ్గింది. నడుముకూ కంటికీ ఏం సంబంధం, వదిలేయి.

అసలు సంగతి చెప్తాను. నొప్పి ఇప్పుడు మెడకెక్కింది. మొన్న మహేశ్ బండి తీసుకుని వెళ్తూ నార్సింగి మలుపులో వెనక్కి చూడబోయాను. తల తిరగలేదు. టిప్పర్ నన్ను రాసుకుంటూ పోయింది. డ్రైవర్ తల బయటపెట్టి, "సావనీకి నా బండే దొరికిందారా?" అని అరిచాడు. పక్కకు ఆపి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆఫీసులో పార్థసారథి అని ఒకతను, గిరీష్ మాస్టర్ అని మెడలు సరిచేసే ఆయన వీడియోలు చూపించాడు. నార్సింగిలోనే సెంటర్. మెడకింద తువ్వాలు వేసి ఒక్క గుంజు గుంజుతాడు. చప్పుడు మైకులో వినిపిస్తుంది. జనం లేచి ఏడుస్తూ ఆయన కాళ్లకు మొక్కుతారు. పార్థసారథి మెడ ఒక్కసారికే బాగైందట. శనివారం సాయంత్రానికి నాకు టైమిచ్చారు. నీ మాట వినడం లేదని కోపం తెచ్చుకోకు. నువ్వు కారణం చెప్పలేదు, నా మెడ ఆగడం లేదు. ఈ ఉత్తరం నీకు అందేసరికి అంతా అయిపోయి, నేను హాయిగా తల తిప్పుతూ ఉంటాను.

నీ
ఆకాష్

హఫీజ్‌పేట్,
జూలై 14

అక్కా,

రాత్రంతా నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒక్కసారి ఎత్తి, "రేపు రాస్త తమ్మీ, ఇప్పుడు నాతోని కాదు" అని పెట్టేశావు. నేను ఆగలేక ముందుగా రాస్తున్నాను. నిన్న సాయంత్రం ఫోన్లో నాన్న గురించి నువ్వు అన్న మాటకు అర్థమేమిటో చెప్పు.

మధ్యాహ్నమే వెళ్లి సాయంత్రందాకా వరుసలో కూర్చున్నాను. అక్కడ వెళ్లగానే ఫోన్లు బుట్టలో వేయించుకుంటారు. అందుకే నీ ఫోన్లు నాకు తెలియలేదు. వెల్లకిలా పడుకోబెట్టారు. మూలన కెమెరా, దాని పక్కన లైటు. గిరీష్ మాస్టర్ మంచి మనిషే, నవ్వుతూ మాట్లాడాడు. "సాఫ్ట్‌వేరా? మీ మెడలన్నీ నా కోసమే తయారు చేసిండ్రు" అన్నాడు. మెడకింద తువ్వాలు జొనిపాడు. గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి.

"ఫికర్ చెయ్యకు. ఊపిరి వదులు. ఇంకా వదులు."

అప్పుడే తలుపు కొట్టారు. బయట కూర్చునే అమ్మాయి.

"సార్, జనగాం నుంచి ఎవరో మేడం. మన నంబర్ కొడుతనే ఉన్నరు. పేషెంట్ మెడ ముట్టద్దంటున్నరు. మస్తు ఏడుస్తున్నరు సార్."

"రెండు నిమిషాలు ఆగమను" అన్నాడు ఆయన. చేతులు తియ్యలేదు. నా తల ఆ చేతుల్లో కొంచెం ఎడమకు తిరిగింది. ఆ క్షణంలో ఏమైందో తెలియదు, ఆయన మణికట్లు రెండూ పట్టుకున్నాను. గోళ్లు దిగేలా పట్టుకున్నాను. "ఏంది, జర వదులు" అన్నాడు. నేను వదల్లేదు.

ఆ అమ్మాయే ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. ఫోన్లో నీ గొంతు. నీ గొంతేనా అది? "తమ్మీ, లెవ్వు. చెప్పులేస్కోని బయటికి రా. నాన్న గిట్లనే పోయిండు."

బయటికి వచ్చి సర్వీస్ రోడ్డు అంచున కూర్చున్నాను. నా మెడ నా రెండు చేతులతో నేనే పట్టుకుని కూర్చున్నాను. ఎవరో నీళ్లిచ్చారు.

నాన్న గుండె ఆగి పోయాడని కదా చెప్పారు! నేను గుండు చేయించుకుని, అదే నమ్మి, హాస్టల్‌కు తిరిగి వెళ్లాను. పదిహేనేళ్లుగా నన్ను ఎవరు అడిగినా గుండెపోటనే చెప్పాను. ఏం జరిగిందక్కా?

ఆకాష్

జనగామ,
జూలై 15

తమ్మీ,

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ నీ ఉత్తరం ఇచ్చారు. చదివి లేచాను. పిల్లలు కంచాలు పట్టుకుని చూస్తున్నారు. నీ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. ఆ మాస్టర్ పేరు కొట్టి వెతికితే వీడియో కింద నంబర్ కనబడింది. ఎన్నిసార్లు చేశానో తెలియదు. సాయంత్రందాకా చేశాను.

చెప్తాను విను. కూర్చుని చదువు.

నాకు పెళ్లయిన ఏడాది అది. పుట్టింటికి వచ్చి ఉన్నాను. నాన్న అప్పటికే మూటలు ఎత్తడం మానేశాడు. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉండేది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మోకాళ్లు వంచి, వెనక్కి వాలి, కళ్లు పైకెత్తి చూసేవాడు. నువ్వు సెలవులకు వస్తే మాత్రం ఎక్కువ కూర్చునే ఉండేవాడు, నీకు తెలియకూడదని. మార్కెట్లో హమాలీలకు పట్టుకుపోయిన నడుములు సరిచేసే మనిషి ఒకాయన ఉండేవాడు. చాలామందికి బాగు చేశాడు కూడా. నాన్నే ఆయన్ను ఇంటికి పిలిపించాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. "ఒక్కపారి మెడ లేస్తే సాలు, బిడ్డ మొఖం సక్కగ సూస్త" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు.

పీట మీద కూర్చోబెట్టాడు. భుజాల నడుమ మోకాలు పెట్టాడు. దవడ కింద చేతులు వేశాడు. నేను గుమ్మంలో ఉన్నాను. వేళ్లు విరుచుకున్నప్పటి చప్పుడు కాదు తమ్మీ అది. ఎండిన కందికట్టె విరిచినట్టు వచ్చింది. నాన్న తల నిజంగానే లేచింది. నా వైపు చూశాడు. చూస్తూ, "బిడ్డా, నా కాళ్లు యాడున్నయ్?" అన్నాడు.

కాళ్లు అక్కడే ఉన్నాయి, పీట ముందు. నేను వెళ్లి పట్టుకుని, "గివే నాన్న, నా చేతుల్నే ఉన్నయ్" అన్నాను. ఆయనకు తెలియలేదు. తర్వాత ఊపిరి చిన్నదైపోయింది. పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. తెల్లవారేసరికి పోయాడు. ఆ వైద్యం చేసినాయన అమ్మ కాళ్లమీద పడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. "గిట్ల ఎన్నడు కాలేదమ్మా, ఎన్నడు కాలేదు" అన్నాడు. ఆయన్ను తిట్టడానికి కూడా మాకు నోరు రాలేదు.

"పోరనికి జెప్పకు, వాడు తట్టుకోడు" అంది అమ్మ. అమ్మ పోయాక కూడా ఆ మాటే పట్టుకుని ఉన్నాను. నీకు చెప్తే నేను ఆ చప్పుడు మళ్లీ వినాలి.

ఇంకొకటి. ఇంట్లో ఇంకెవరికీ లేదని రాశాను. పెదనాన్న కిరాణా కొట్టు పెట్టుకుని బతికాడు, జీవితంలో ఒక్క మూట మోయలేదు. ఆయన కూడా నేలచూపులతోనే నడిచేవాడు. ఈ మాట రోహిణి గారికి చెప్పు. ఆ చీటీ బ్యాగులోంచి తియ్యి. రేపే వెళ్లు తమ్మీ. నీ కాళ్లు మొక్కుతాను.

అక్క

హఫీజ్‌పేట్,
ఆగస్టు 4

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఆఫీసుకు పోలేదు. తర్వాత మహేశ్‌ను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాను. పరీక్షలు రాశాడు. ఎమ్మారై గొట్టంలో కళ్లు మూసుకుంటే నాన్న ముఖం కనబడింది, కళ్లు పైకెత్తి చూస్తూ. బెల్లు నొక్కి బయటికి లాగించుకున్నాను. రెండోసారి పూర్తయింది.

జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి శక్తే మన వెన్ను మీద తిరగబడుతుందట. వాచి వాచి పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయట. అతుక్కున్న వెన్ను సుద్దముక్క లాంటిదని చెప్పాడు డాక్టరు. వంగదు, విరుగుతుంది. కన్ను ఎర్రబడటమూ దీనిదే. నాది నడుము దగ్గర మొదలైంది, మెడ ఇంకా అతుక్కోలేదు, వాపు మాత్రం ఉంది. ఆరోజు గుంజి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "ఏమో, ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఇప్పుడు మనం ఇలా మాట్లాడుకుంటున్నాం కదా" అన్నాడు.

పూర్తిగా పోయేది కాదు, ఆపగలిగేది. సూదిమందు మొదలుపెట్టారు. రోజూ వ్యాయామం చెయ్యాలి. రోహిణి గారి దగ్గరకు మళ్లీ వెళ్లాను, డాక్టరు సరేనన్నాకే. గుంజడాలు, విరవడాలు లేవు. ఊపిరి నిండా తీసుకోవడం, గోడకు ఆనుకుని నిలబడటం నేర్పిస్తోంది. పెదనాన్న సంగతి చెప్తే కాగితం మీద రాసుకుంది. "మొదటిరోజే ఈ మాట తెలిస్తే మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లేదాన్నండీ" అంది.

భయం పోలేదక్కా. లిఫ్టులో అందరి మెడలూ చూస్తున్నాను. అద్దంలో పక్కకు నిలబడి నా వంపు కొలుచుకుంటున్నాను. కానీ ఇప్పుడు భయానికి ఒక ఆకారం ఉంది.

డాక్టరు చివర్లో ఒక ప్రశ్న అడిగాడు. తోడబుట్టినవాళ్లు ఉన్నారా, వాళ్లకెలా ఉంది అని. ఆడవాళ్లలో దీన్ని చాలా ఆలస్యంగా కనిపెడతారట. కాన్పు నొప్పులనో, ఇంటిపని నొప్పులనో వదిలేస్తారట. నీకెలా ఉంది?

ఆకాష్

జనగామ,
ఆగస్టు 10

తమ్మీ,

నాకేమీ లేదు. సూదిమందు మానకు. రాఖీకి రా.

అక్క

హఫీజ్‌పేట్,
ఆగస్టు 21

అక్కా,

నువ్వు కట్టిన రాఖీ ఇంకా చేతికే ఉంది. దాన్ని చూసుకుంటూ రాస్తున్నాను.

రాఖీ రోజు పొద్దున నువ్వు లేచేసరికి నేను మేలుకునే ఉన్నాను. నిద్ర నటించాను. పక్కకు దొర్లావు. మోచెయ్యి ఆనించావు. బీరువా పట్టుకుని నిలబడి, పళ్లు బిగించి, అత్తమ్మ దగ్గు వినబడగానే నవ్వుముఖం పెట్టుకుని వంటింట్లోకి పోయావు. నాకు ఆ వరుస తెలుసు. రోజూ నేను చేసేది అదే.

రాఖీ కట్టేటప్పుడు నడుము వంచలేదు, తుంటి దగ్గర వంగావు. చిన్ను వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పావు. వచ్చేటప్పుడు నీ వీపు మీద చెయ్యి వేశాను. నిమరడానికని అనుకున్నావు. అక్కా, అది పలక.

ఆ శనివారం సాయంత్రందాకా నువ్వు ఫోన్ కొట్టబట్టే నేను ఇవాళ ఇది రాయగలుగుతున్నాను. నాకోసం ఏడ్చావు. నీకోసం ఎవరికి ఫోన్ చెయ్యమంటావు? ఎవరి నంబర్ వెతకను? నీ మెడ మీద ఎవరైనా చెయ్యి వేస్తే నాకు తెలిసేదెలా? నాకు నా గురించి ఇంత భయం వెయ్యలేదు.

ఆకాష్

జనగామ,
సెప్టెంబర్ 3

తమ్మీ,

శనివారం పొద్దుటి రైలుకు వస్తున్నాం, నేనూ చిన్నూ. సికింద్రాబాద్‌లో దిగుతాం. నువ్వు స్టేషన్‌కు రా, ఆ రద్దీలో మెట్లు దిగడం నాకు కష్టం. మీ డాక్టరు దగ్గర ఇద్దరి పేర్లూ రాయించు. మీ బావకు చెప్పాను. "ఇన్నేండ్లు నా పక్కపొంటే పండుకున్నవు, ఒక్కనాడన్న చెప్పకపోతివి" అన్నాడు. అత్తమ్మకు ఆయనే చెప్పుకుంటాడట.

నువ్వు చూసింది నిజం. చిన్ను పుట్టిన తర్వాత మొదలైంది. కాన్పు నడుమని అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. నూనెలు రాసుకున్నాను, అయస్కాంతం బెల్టు కట్టుకున్నాను, సోమవారాలు ఉపవాసమున్నాను. వంటింటి తలుపు వేసుకుని బండల మీద పడుకునేదాన్ని. నాన్నది నాకు వచ్చిందేమోనని ఎప్పుడో అనిపించింది. ఆ ఆలోచన రాగానే లేచి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. నా భయం నాకోసం కాదు తమ్మీ. నాకు ఆ పేరు పెడితే, చిన్నుకూ పెట్టేస్తారని. నేను ఒప్పుకోకపోతే అది నాతోనే ఆగిపోతుందని, ఒక పిచ్చి నమ్మకం.

నిన్న పొద్దున చిన్ను మంచం దిగి కుంటుతూ వచ్చింది.

"అమ్మా, మడిమ నొస్తుందే. లేవంగనే మస్తుంటది. జర నడిస్తే పోతది."

నా చేతిలో గిన్నె ఉంది. "ఖోఖో ఆడుతున్నవ్ గద బిడ్డా" అని నోటిదాకా వచ్చింది. ఖోఖో వరకు అనేశాను కూడా. అది నమ్మడానికి సిద్ధంగా నా ముఖంలోకి చూస్తోంది. నిజంగా ఖోఖో వల్లే కావచ్చు. దేవుడి దయవల్ల అదే కావాలి. కానీ అది చెప్పాల్సింది నేను కాదు.

గిన్నె దించి, దాని పాదం చూద్దామని కింద కూర్చోబోయాను. నేను కింద కూర్చోవడం అది ఎప్పుడూ చూడలేదు. ఎవరూ లేనప్పుడే కూర్చుంటాను. ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత ఒక మోకాలు, తర్వాత చెయ్యి, ఆ మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. ఈసారి దాచుకోలేదు. అది నోరు తెరిచి మొత్తం చూసింది. నేను కిందికి చేరేసరికి అది కూడా నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నీక్కూడనా అమ్మా?" అంది.

"ఆఁ బిడ్డా" అన్నాను. "నాక్కూడ."

అక్క